తాళం తీశాను

మా కుట్టు ఫ్యాక్టరీలో మనుషులకి వాళ్ళు కుట్టే భాగాన్ని బట్టే పేర్లు. కాలర్లు కుట్టే అమ్మాయి కాలరమ్మ. గుండీలు కుట్టే పెద్దావిడ గుండీల పిన్ని. ప్యాంట్లకి వెనక జేబులు కుట్టే ఆవిడకీ ఒక పేరుంది, అది ఇక్కడ రాయను. నేను ఏమీ కుట్టను. దారాలు, సూదులు, జిప్పులు ఉండే స్టోరుకి గుమాస్తాని. బిల్డింగు తాళాలు నా నడుముకే వేలాడతాయి కాబట్టి తాళాల బాబాయ్‌ని.

రెండో అంతస్తులో పెద్ద హాలు, నూట నలభై మిషన్లు. ముందు వైపు మెట్ల తలుపు. వెనక వైపు ఇనప తలుపు, దాని అవతల గోడకి అతికించినట్టు ఇనప మెట్లు. ఆ తలుపు పక్కన ఎర్రక్షరాల బోర్డు ఉంది: పని వేళల్లో ఈ తలుపు తెరిచి ఉంచవలెను. రోజూ పొద్దున ఊడ్చేవాళ్ళ కోసం నేను దాన్ని తెరుస్తాను. మిషన్లు మొదలవగానే బయటి నుంచి తాళం వేస్తాను. బట్ట బయటికి పోతోందని, ఫోన్లు చూసుకోవడానికి ఆడవాళ్ళు మెట్ల మీదికి వెళ్తున్నారని ఆఫీసు వాళ్ళు వేయమన్నారు. వేసి, కిందికి దిగి, చుట్టూ తిరిగి, ముందు మెట్లెక్కి వచ్చి, సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకి తాళం చెవి తగిలిస్తాను. బయట వేసిన తాళానికి చెవి లోపల మేకుకి. పద్నాలుగేళ్ళలో అది ఒక్కసారి కూడా నాకు వింతగా అనిపించలేదు.

చెవి అని ఇక్కడ రాస్తున్నాను గానీ మాటల్లో ఎవరంటారు. వేసే కప్పనీ తాళమే అంటాం, తీసే చెవినీ తాళమే అంటాం.

దారం పెట్టెలు వచ్చే రోజు వాటిని వెనక మెట్ల మీదుగానే పైకి చేర్చాలి. ఆ రోజు చెవి మేకుకి తగిలించను, జేబులో వేసుకుంటాను. మేకు ఖాళీగా కనిపిస్తే సూపర్‌వైజర్ అమ్మాయికి కంగారు. తాళం పోతే ఆఫీసు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సింది ఆమె. వెంటనే ఫోన్ చేస్తుంది.

"బాబాయ్, తాళం తీశావా?"

"తీశానమ్మా."

అంతే, పెట్టేస్తుంది. ఈ రెండు మాటలూ మా మధ్య కొన్ని వందల సార్లు నడిచుంటాయి.

మంగళవారం పొద్దున పదింటికి కూడా ఇవే నడిచాయి. నేను కింద గేటు దగ్గర లారీ వెనక ఉన్నాను. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆమె గొంతు సగమే వినిపించింది. తాళం తీశావా అంది. తీశానన్నాను. పెట్టేసింది. నేను పెట్టెల వైపు తిరిగాను.

పైన జరిగింది తర్వాత తెలిసింది. ముందు తలుపు పక్కనున్న ఇస్త్రీ బల్ల వైరు కాలి, బట్టల కుప్పకి అంటుకుంది. ఆ వైపంతా పొగ కమ్మింది. ఇక వెనక తలుపే దిక్కు. ఇవాళ పెట్టెలొచ్చే రోజు, బాబాయ్ వెనక మెట్ల దగ్గరే ఉంటాడు, తలుపు తెరిచాడా లేదా అన్న ఉద్దేశంతో సూపర్‌వైజర్ అడిగింది. తీశానని నేను అన్నాను. "తాళం తీశారు, వెనక్కి పదండి" అని ఆమె కేక పెట్టింది. హాలంతా ఒక్క తలుపు మీదికి వెళ్ళింది.

కేకలు విని నేను వెనక మెట్లెక్కాను. కప్పలో చెవి తిరగేసి పెట్టాను, దూరలేదు, సరిచేసి మళ్ళీ పెట్టాను. దూరాక తిప్పాను. కప్ప ఊడింది గానీ తలుపు కదల్లేదు. అది లోపలికి తెరుచుకునే తలుపు, అవతల అంతమంది బరువు. "వెనక్కి జరగండమ్మా, కాస్త వెనక్కి" అని నేను ఇవతల నుంచి అరుస్తున్నాను, లోపల ఎవరికీ ఏమీ వినపడట్లేదు. చివరికి ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, ఇసక కుమ్మరించి మంట ఆర్పాడు. మొత్తం పన్నెండు నిమిషాలట. ఎవరి ప్రాణమూ పోలేదు. కాలరమ్మ మిషను ఆ తలుపుకి అన్నిటికన్నా దగ్గర. అందరికన్నా ముందు ఆమె వెళ్ళింది. కుడి చెయ్యి గడియకీ మనుషులకీ మధ్య నలిగి రెండు చోట్ల విరిగింది.

సాయంత్రం ఇంటికొచ్చి కూర్చోలేకపోయాను. గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి తిరిగాను.

"నిలబడితే నిలబడండి, కూర్చుంటే కూర్చోండి," అంది మా ఆవిడ. "మీ తిరుగుడు చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

జరిగింది చెప్పాను. విని ఆమె తిట్టలేదు. "మనం ఈ ఇంట్లోకి కొత్తగా మారినప్పుడు గుర్తుందా," అంది. "నేను ఊరి నుంచి వస్తూ ఫోన్ చేసి తాళం తీశారా అంటే తీశానన్నారు. వచ్చి చూస్తే తలుపుకి తాళం, చెవి మీ జేబులో. మీరు వచ్చేదాకా మెట్ల మీద సంచులేసుకుని కూర్చున్నాను. ఎదురింటావిడ నాకు మంచినీళ్ళిచ్చి, పాపం మొగుడు వదిలేశాడా అని అడిగింది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత ఆమే నవ్వు ఆపేసింది.

"అప్పుడు తలుపు ముందు నేనొక్కదాన్నే ఉన్నాను," అంది.

మర్నాడు మేనేజరుగారు పిలిచారు. ఈ పద్నాలుగేళ్ళలో ఆ గదిలో నన్నెవరూ కూర్చోమనలేదు. ఆ రోజు కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు, రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

"పెద్దాయనా, నిన్న పదింటికి సూపర్‌వైజర్ మిమ్మల్ని ఏమడిగింది?"

"తాళం తీశావా అని సార్."

"మీరేమన్నారు?"

"తీశానన్నాను."

కాగితం, పెన్ను నా ముందుకి జరిపారు. "అది రాయండి. ఒక్క ముక్క ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

"చెవి జేబులో వేసుకున్నానన్న అర్థంలో అన్నాను సార్."

"అది మీ మనసులో ఉన్నది. ఇక్కడ కావాల్సింది మీరు నోటితో అన్నది." కాసేపు టీ కప్పు వైపు చూశారు. "మీరు అబద్ధం ఆడరని ఈ బిల్డింగులో అందరికీ తెలుసు. అందుకే మిమ్మల్ని నేను అబద్ధం అడగట్లేదు."

రేపు చొక్కాలు కొనే కంపెనీ తరఫున ఒకాయన వస్తున్నాడట. బయటి దేశం మనిషి. కూడా ఒక అమ్మాయి వస్తుంది, మన మాటలు ఆయనకి, ఆయన మాటలు మనకి చెప్పడానికి. తలుపుకి తాళం వేసి ఉందని తేలితే ఆర్డరు పోతుంది అన్నారు మేనేజరుగారు.

"ఎక్కడికి పోతుందో తెలుసా? సముద్రం అవతలికి. మనకన్నా తక్కువకి కుట్టేవాళ్ళ దగ్గరికి. అక్కడి తలుపులు బార్లా తెరిచి ఉంటాయనుకుంటున్నారా? మీ ఒక్క మాటకి ఇక్కడ నూట నలభై మంది ఇంట్లో కూర్చుంటారు. మీరు కూడా. మీకు ఇంకా రెండేళ్ళే కదా సర్వీసు."

పెన్ను తీసుకున్నాను. నేను రాశాను: సూపర్‌వైజర్ అడిగినప్పుడు తాళం తీశాను అని చెప్పాను. చదువుకున్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. సంతకం పెట్టాను.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాను. కాలరమ్మ మంచం మీద కూర్చుని ఉంది, చెయ్యి భుజం దాకా కట్టు. పక్కన వాళ్ళమ్మ ఆమెకి జడ వేస్తోంది.

"చూడు బాబాయ్," అంది, "ముప్ఫయ్యేళ్ళొచ్చాక మళ్ళీ అమ్మ చేత రెండు జడలు వేయించుకుంటున్నాను. ఒక్కటి చాలంటే వినదు."

"కదలకుండా కూర్చోవే," అంది వాళ్ళమ్మ.

నవ్వుదామనుకున్నాను, మొహం సహకరించలేదు. కుర్చీ ఉన్నా కిటికీ దగ్గర నిలబడ్డాను.

"పొద్దున ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు," అంది. "తలుపు తాళం ముందే తీసి ఉందంట. నేను అడ్డం నిలబడి తెరవనివ్వలేదంట. తప్పు నాదని తేలితే ఆసుపత్రి ఖర్చు వాళ్ళది కాదంట, పనిలోకి కూడా తీసుకోరంట. తీసి ఉందా బాబాయ్? నేను తలుపు రెండు చేతులతో లాగాను. నాకు తెలిసి అది కదల్లేదు. పొగలో ఏమైనా పొరబడ్డానేమో."

నేను కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూశాను.

"నిన్ను కూడా రాయమన్నారా?"

"రాశాను."

"ఏం రాశావు?"

"జరిగిందే రాశానమ్మా."

"అయితే పర్వాలేదు," అంది. వాళ్ళమ్మతో, "బాబాయ్ రాశాడంటే ఇంక భయం లేదు," అని కూడా అంది.

బయటికొచ్చి బస్సెక్కాను. దిగాల్సిన చోట దిగలేదు. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచి, మా వీధి దాటి మళ్ళీ ముందుకెళ్ళాను. కాళ్ళు ఒక చోట ఆగనన్నాయి. ఒక కుట్టు పని మనిషికి కుడి చెయ్యి అంటే ఏమిటో నాకు తెలుసు. కుదురుకోవడానికి ఆరు నెలలు పడుతుంది. పొరపాటు నీదేనని చెప్పి పంపిస్తే, వంకర చెయ్యి పట్టుకుని వచ్చిన మనిషిని ఇంకే ఫ్యాక్టరీ గేటు లోపలికి రానిస్తుంది.

గురువారం పొద్దున స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడ్డాను. రోజూ నాలుగు మాటలు చెప్పుకుని దణ్ణం పెట్టి బయల్దేరడం నాకు అలవాటు. ఆ రోజు మాటలు వరసగా రాలేదు. స్వామీ, అబద్ధం ఆడొద్దన్నావు, ఆడలేదు, అన్నాను. నిజం రాసి ఇచ్చాను, అది వాళ్ళ చేతుల్లోకి వెళ్ళి ఇంకోలా తయారైతే ఆ పాపం నాదా, వాళ్ళదా? నూట నలభై మంది ఒక పక్క, ఒక మనిషి చెయ్యి ఒక పక్క. నువ్వైతే ఏది చూస్తావు? పటంలో ఆయన మొహం ఎప్పుడూ ఉండేటట్టే ఉంది. ఆయన జవాబివ్వలేదని కోపం రాలేదు గానీ, దణ్ణం మాత్రం సగంలోనే ఆగింది.

"టిఫిను చల్లారిపోతోంది," అంది మా ఆవిడ వెనక నుంచి.

"వద్దు."

"అక్కడికెళ్ళి కళ్ళు తిరిగి పడిపోతే అది కూడా తాళం తీయడం వల్లే అని రాస్తారు. తినండి."

రెండు ముద్దలు తిన్నాను.

మేనేజరుగారి గదిలో బయటి దేశం ఆయన ఉన్నాడు. ప్రయాణం అలసట మొహంలో తెలుస్తోంది, నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. పక్కన మాటలు చెప్పే అమ్మాయి. మన భాష చక్కగానే మాట్లాడింది, కాకపోతే పాఠం అప్పజెప్పినట్టుంది. మేనేజరుగారు గోడ వారగా కూర్చున్నారు.

ఆ అమ్మాయి నా కాగితం చదివింది. ఆయన వైపు తిరిగి వాళ్ళ భాషలో చిన్న మాట ఏదో చెప్పింది. ఆయన తలూపి, ముందున్న కాగితంలో ఒక గడిలో టిక్కు పెట్టి, పేజీ తిప్పాడు.

"ధన్యవాదాలండీ, మీరు వెళ్ళవచ్చు," అంది ఆ అమ్మాయి.

లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. కాళ్ళు మళ్ళీ అదే పని చేశాయి, ముందుకి వెళ్ళనన్నాయి.

"అమ్మా, ఇప్పుడు ఆయనకి ఏమని చెప్పావు?"

"తలుపు తెరిచానని మీరు చెప్పారని చెప్పాను. తాళం తీశాను అంటే అంతే కదండీ?"

"అది ఒక అర్థం."

"ఇంకొకటి ఉందా?"

మేనేజరుగారు "పెద్దాయనా," అన్నారు. కోపంగా కాదు, మెల్లగా, మంచాన పడ్డవాళ్ళని పిలిచినట్టు.

నేను జేబులోంచి వెనక తలుపు చెవి తీసి బల్ల మీద పెట్టాను. "దీన్ని కూడా మేము తాళమే అంటాం. దీన్ని మేకు నుంచి తీసి జేబులో వేసుకున్నా, తాళం తీశాననే అంటాం."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. చెవి వైపు చూసింది, నా వైపు చూసింది.

"మరి మీరు ఏది తీశారు?"

"ఇది."

ఆమె ఆయనకి చెప్పడానికి ఈసారి చాలాసేపు పట్టింది. మధ్యలో చేత్తో తాళం తిప్పినట్టు చూపించింది, తర్వాత జేబులో వేసుకున్నట్టు చూపించింది. ఆయన పేజీ వెనక్కి తిప్పాడు.

తర్వాత అడిగినవన్నీ చెప్పాను. తలుపుకి తాళం వేసి ఉంది. ఆ ఒక్క రోజే కాదు, పద్నాలుగేళ్ళుగా రోజూ. వేయమన్నది ఆఫీసు, వేసింది నేను. కాలరమ్మ అడ్డం నిలబడలేదు, ఆమె వెనక హాలంతా ఉంది. సూపర్‌వైజర్ అడిగింది ఒకటి, నేను విన్నది ఇంకొకటి, అందులో ఆమె తప్పు లేదు. కాగితం తీసుకుని అదంతా మళ్ళీ రాసి కింద సంతకం పెట్టాను.

ఆయన హాలు చూస్తానన్నాడు. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యమన్నాడు. చేశాను. వెనక తలుపు బయట తాళం వేసి, మెట్లు దిగి, చుట్టూ తిరిగి, ముందు మెట్లెక్కి వచ్చి, మేకుకి చెవి తగిలించాను. ఆయాసపడుతూ నిలబడ్డాను. ఆయన మేకు వైపు చూశాడు, ఆ దూరంలో ఉన్న తలుపు వైపు చూశాడు, నడిచి వెళ్ళి తలుపు లాగాడు. మిషన్ల మీద చేతులు ఆగిపోయాయి. ఆయన అక్కడే నిలబడి చాలాసేపు రాసుకున్నాడు.

సోమవారం నాకు కబురొచ్చింది, మళ్ళీ పిలిచేదాకా ఇంటి దగ్గరే ఉండమని. ఎన్నాళ్ళో చెప్పలేదు. ఆర్డరు పూర్తిగా పోలేదు, సగానికి కోశారు. తలుపులు బయటికి తెరుచుకునేలా మార్చి చూపిస్తే మిగతాది ఆలోచిస్తారట. రెండు వరసల మిషన్లకి బట్ట కప్పేశారు.

గుండీల పిన్ని బస్ స్టాపులో కనిపించింది. ఆవిడ నాకన్నా పెద్దది, నన్ను తమ్ముడూ అంటుంది.

"నువ్వు చెప్పింది తప్పని నేను అనను తమ్ముడూ," అంది. "ఆ రోజు నా చీర కొంగు ఎవరి కాళ్ళ కిందో ఉంది, ఊపిరాడలేదు, పోయాననే అనుకున్నాను. కానీ మా వరసే ఆపేశారు. ఇప్పుడు తలుపు తీసే ఉందంట. పని లేని హాలుకి తలుపు తీసి ఉంటే నాకేంటి, మూసి ఉంటే నాకేంటి?"

"అక్కా..."

"నాకేం సమాధానం చెప్పకు. బస్సొచ్చింది." ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది గానీ మళ్ళీ నా వైపు చూడలేదు.

పది రోజులకి కాలరమ్మ ఫోన్ చేసింది. పనిలో జరిగిన ప్రమాదంగానే ఒప్పుకున్నారట, చెయ్యి బాగయ్యేదాకా వైద్యం కంపెనీదే, బాగయ్యాక పని కూడా. కార్మికుల ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టాలి, వాళ్ళమ్మకి ఆ మెట్లెక్కడం కష్టం, నువ్వు రాగలవా బాబాయ్ అంది. నాకు వేరే పనేముంది. వెళ్ళాను.

అక్కడి గుమాస్తా ఆమె ఎడమ చేత్తో పెట్టిన సంతకాన్ని పాత కాగితాల్లో సంతకం పక్కన పెట్టి చూశాడు.

"ఇది కలవట్లేదమ్మా. అప్పుడు పెట్టిన చేత్తోనే పెట్టాలి."

"ఆ చెయ్యి విరిగిందనే కదండీ ఈ కాగితం," అంది కాలరమ్మ.

గుమాస్తా ఆలోచించాడు. న్యాయంగానే ఉందనిపించిందేమో, పైవాళ్ళని అడిగి వస్తానని లోపలికి వెళ్ళాడు. మేము బల్ల మీద కూర్చున్నాం. నేను లేచి కిటికీ దాకా వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను.

"కూర్చో బాబాయ్. నువ్వలా తిరిగితే ఆయన ఇంకా ఆలస్యం చేస్తాడు."

కూర్చున్నాను.

"ఆసుపత్రికి వచ్చిన రోజు జరిగిందే రాశానన్నావు," అంది. "నాకు చెప్పినప్పుడు ఏ కాగితం గురించి చెప్పావు?"

"మొదటిదాని గురించి."

ఆమె కట్టు మీద దారప్పోగు ఒకటి పీకుతూ ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేదని కూడా అనుకున్నాను.

"రెండోది రాశాక అనిపించిందా, ఎందుకు రాశానా అని?"

"గుండీల పిన్ని కనిపించినప్పుడు అనిపించింది. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు అనిపిస్తుంది."

"నా దగ్గర కూర్చుంటే?"

"ఇక్కడ అనిపించట్లేదు. ఇక్కడ సిగ్గుగా ఉంది, అంతే."

"సరే," అంది. క్షమించానని అనలేదు. కాస్త జరిగి బల్ల మీద నాకు చోటిచ్చింది.

గుమాస్తా తిరిగొచ్చాడు. ఎడమ చేతి సంతకం చెల్లుతుందట, అది ఆమే పెట్టిందని తెలిసిన మనిషి ఒకరు సాక్షి సంతకం చేయాలట. నన్ను రమ్మన్నాడు. ఊరు, వీధి, వయసు అడిగి రాసుకున్నాడు.

"వృత్తి?"

ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా. అతను పెన్ను పట్టుకుని చూస్తున్నాడు.

కాలరమ్మ వెనక నుంచి అంది. "స్టోరు గుమాస్తా అని రాయండి. తీసేశామని ఇంకా ఎవరూ చెప్పలేదు."

అతను అదే రాశాడు. కింద నేను సంతకం పెట్టాను.